పరంగి చెక్క: చీనా యోగాలూ, కామాఠిపురా తెలుగూ

పరంగి చెక్క అనే మాట ఈనాటి తెలుగు విద్యార్థుల్లో చాలామంది విని ఉండరు. రెండు తరాల కిందటి దాకా తెలుగు వైద్యుల మందుల జాబితాల్లో అది మామూలు మాట. పేరులో చెక్క అని ఉన్నా అది నిజానికి ఒక తీగ కింద పెరిగే దుంపవేరు. దీన్నే ముంబయి బజారులో చోప్‌చీనీ అంటారు. సంస్కృత గ్రంథాల్లో ఇది ద్వీపాంతరవచ. వస్తువు చీనా దేశానిది. తెలుగు పేరులో కనిపించేవాడు పరంగి, అంటే ఐరోపా వాడు. పారసీకం నుంచి వచ్చిన చోప్‌చీనీకి చీనా కర్ర అని అర్థం. ద్వీపాంతరవచ అంటే వేరే ద్వీపం నుంచి వచ్చిన వస. ఒకే వేరుకు మూడు భాషలు మూడు పేర్లు పెట్టాయి. అది తమ వద్దకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, ఎక్కడి నుంచి వచ్చిందని తాము అనుకున్నారో, దేనిలా కనిపించిందో ఆ పేర్లలో దాచి ఉంచాయి.

చీనా వైద్యంలోని ప్రాచీన యోగాలను చదవడానికి భాషాచరిత్ర ఎందుకు కావాలో, ఆ చదువుకు బొంబాయి తెలుగు విద్యార్థికి ఎటువంటి సహజమైన అర్హత ఉందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. యోగం అనే మాటను ఇక్కడ మన వైద్యశాస్త్రంలోని అర్థంలోనే వాడుతున్నాను. కొన్ని ద్రవ్యాలను నిర్ణీతమైన పాళ్ళలో, నిర్ణీతమైన పద్ధతిలో కలిపి చేసేది యోగం. చీనా భాషలో దీనిని ఫాంగ్ అంటారు.

కామాఠిపురా

18వ శతాబ్ది చివరి సంవత్సరాల నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల కూలీలు బొంబాయికి వలస వచ్చారు. పల్లపు నేలలు పూడ్చడం, రోడ్లు వేయడం, రాతికట్టడం వారి పనులు. తెలుగులో కామాటి అంటే మట్టిపని, కూలిపని చేసేవాడు. ఆ మాటే మరాఠీ ఉచ్చారణలో కామాఠి అయింది, వారు నివసించిన చోటు కామాఠిపురా అయింది. తరువాత బట్టల మిల్లులు వచ్చాక పద్మశాలీలు పెద్ద సంఖ్యలో వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్ళలో స్థిరపడ్డారు. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన 207 చాళ్ళలో, ముఖ్యంగా వర్లీలోని 121 చాళ్ళలో, తెలుగు కుటుంబాలు చాలా ఉండేవి.

కామాఠిపురా పేరు చెప్పగానే బయటివారికి ఒకే సంగతి గుర్తుకు వస్తుంది. ఆ పేట కట్టిన కూలీల చరిత్ర ఆ ఒక్క సంగతి కింద మరుగున పడిపోయింది. మరుగున పడిన మరో చరిత్ర కూడా ఉంది. కామాఠిపురాను ఆనుకొని ఉన్న సుఖ్‌లాజీ వీధి ఒకప్పుడు చీనావారి పేట. బొంబాయిలో చీనావారు ముఖ్యంగా రెండు చోట్ల ఉండేవారు: ఒకటి ఇది, రెండోది మజ్‌గావ్. మజ్‌గావ్‌లో 1919 నాటి సీ యప్ గుడి ఇప్పటికీ ఉంది. 1962 యుద్ధ సమయంలో దేశమంతటా సుమారు 3000 మంది చీనా సంతతివారిని పట్టుకొని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో ఉంచారు. ఆ తరువాత చాలామంది దేశం విడిచి వెళ్ళిపోయారు. సుఖ్‌లాజీ వీధి చీనా పేట పలచబడిపోయింది. అంటే, అక్కడ నివాసాలు వేరైనా, తెలుగువారూ చీనావారూ ఒకే బజారులో సరుకులు కొన్న కాలం ఒకటి ఉంది.

యోగం ఒక వాక్యం

ముందుగా ఒక చీనా యోగాన్ని దగ్గరగా చూద్దాం. క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన ‘షాంగ్ హాన్ లున్’ చీనా యోగాలకు మూలగ్రంథం. చలి వల్ల కలిగే జ్వరాల గురించిన శాస్త్రం అని దాని అర్థం. గ్రంథం ఎందుకు రాయవలసి వచ్చిందో ఆయన పీఠికలో చెప్పుకున్నాడు. తన వంశంలో 200 మందికి పైగా ఉండేవారనీ, పదేళ్ళు తిరగకుండానే మూడింట రెండు వంతుల మంది పోయారనీ, పోయినవారిలో పదింట ఏడుగురిని ఈ జ్వరాలే పొట్టన పెట్టుకున్నాయనీ అన్నాడు. మహమ్మారి నడిబొడ్డున పుట్టిన పుస్తకం అది. 1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీలో ప్లేగు బయటపడిన తరువాత చాళ్ళు ఖాళీ అయిన చరిత్ర తెలిసిన వారికి ఈ పీఠిక పరాయిదిగా అనిపించదు. ఆ ప్లేగు వల్లనే 1898లో నగర ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. దాని మొదటి పథకం కామాఠిపురా పక్కనే ఉన్న నాగ్‌పాడాలో జరిగింది.

ఆ గ్రంథంలో అన్నిటికంటె ప్రసిద్ధమైన యోగం గ్వెయ్‌జి తాంగ్. ఇందులో ద్రవ్యాలు ఐదే: దాల్చిన జాతి చెట్టు లేత కొమ్మలు 3 ల్యాంగ్‌లు, పియొనీ అనే పూలమొక్క వేరు 3 ల్యాంగ్‌లు, పచ్చి అల్లం 3 ల్యాంగ్‌లు, వేయించిన అతిమధురం 2 ల్యాంగ్‌లు, రేగు జాతి పండ్లు 12. ఏడు కొలతల నీటిలో సన్నని సెగ మీద మూడు కొలతలు మిగిలే దాకా కాచి, ఒక కొలత తాగాలి. తాగిన కాసేపటికి పలచని వేడి గంజి తాగి, దుప్పటి కప్పుకొని, ఒళ్ళు కొద్దిగా చెమర్చే దాకా ఉండాలి. చెమట ధారలు కట్టకూడదు. చల్లనివి, జిగురువి, మాంసం, మద్యం, పాలపదార్థాలు మానాలి.

ఈ ఐదింటిలో పియొనీ తప్ప మిగిలిన నాలుగింటికి తెలుగు ఇంట్లోనో, మూలికల దుకాణంలోనో సరిగ్గా అవీ లేదా వాటి దగ్గరి బంధువులూ దొరుకుతాయి. గంజి తాగించడం, దుప్పటి కప్పడం, పథ్యం చెప్పడం మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పనక్కరలేదు. కాచే పద్ధతి కూడా అటువంటిదే. మన శార్ఙ్గధర సంహిత కషాయానికి ద్రవ్యానికి పదహారు రెట్ల నీళ్ళు పోసి ఎనిమిదో వంతు మిగిల్చమంటుంది. లెక్క వేరు, ఆలోచన ఒకటి. దీన్నిబట్టి ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని తేల్చడం తొందరపాటు. నిప్పూ నీరూ వేరూ ఉన్నచోట రెండు నాగరికతలు వేరువేరుగా కూడా కషాయం దాకా రాగలవు.

చీనా వైద్యులు యోగంలోని ద్రవ్యాలకు పదవులు ఇచ్చారు. రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని నాలుగు. గ్వెయ్‌జి తాంగ్‌లో దాల్చిన కొమ్మ రాజు, పియొనీ మంత్రి, అల్లమూ రేగూ సహాయకులు, అన్నిటినీ కలిపి ఉంచే అతిమధురం దూత. భాషాశాస్త్రం చదివిన వారికి ఇది వ్యాకరణంలోని కారక సంబంధాలను గుర్తుకు తెస్తుంది. పదాలు అవే ఉన్నా విభక్తి మారితే వాక్యార్థం మారినట్టు, ద్రవ్యాలు అవే ఉన్నా పాళ్ళు మారితే యోగం మారుతుంది. గ్వెయ్‌జి తాంగ్‌లో పియొనీని రెట్టింపు చేస్తే అది జ్వరానికి ఇచ్చే మందుగా ఉండదు. కడుపునొప్పికి ఇచ్చే వేరే యోగమవుతుంది. దానికి మూలగ్రంథంలోనే వేరే పేరుంది. ఈ చదువులో మొదటి పాఠం ఇదే: మూలికల గుణాల పట్టిక బట్టీపడితే యోగం అర్థం కాదు, నిఘంటువు బట్టీపడితే భాష రానట్టే.

దాల్చిన అనే మాట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇది పారసీకంలోని దార్‌చీనీ నుంచి వచ్చింది. దానికీ అర్థం చీనా కర్ర అనే. దీనికి లవంగపట్ట అనే పేరూ మన నిఘంటువుల్లో కనిపిస్తుంది. చీనాంబరం, రాయలసీమలో బత్తాయికి వాడే చీనీ, ఈ దాల్చిన, అన్నీ కలిపి చూస్తే తెలుగువాడి బట్టలోనూ పండులోనూ పోపులోనూ చీనా పేరు కలిసిపోయి ఉంది.

చెక్క ప్రయాణం

ఇక పరంగి చెక్క విషయం. 15వ శతాబ్ది చివర ఐరోపాలో సవాయి రోగం విజృంభించింది. పోర్చుగీసు ఓడలతో అది మన రేవులకు వచ్చింది. ప్రతి దేశమూ దానికి పరాయివాడి పేరు పెట్టింది. కొందరికి అది ఫ్రెంచి రోగం, కొందరికి నేపుల్స్ రోగం. మనకు ఫిరంగి రోగం. చీనాలో ఉత్తరాది వారికి అది దక్షిణాన ఉన్న గ్వాంగ్‌డోంగ్ పుండు. 16వ శతాబ్దిలో భావమిశ్రుడు తన ‘భావప్రకాశం’లో ఫిరంగ రోగాన్ని వర్ణించి, ద్వీపాంతరవచను దానికి మందుగా చెప్పాడు. అంతకు ముందరి సంస్కృత వైద్యగ్రంథాలు ఎరగని వ్యాధి అది, ఎరగని మందు ఇది.

దాదాపు అదే కాలంలో చీనాలో లీ షిజెన్ తన మహాగ్రంథం ‘బెన్‌సావ్ గాంగ్‌ము’ను 1578లో పూర్తి చేశాడు. అది 1596లో అచ్చయింది. ఈ పుండ్లు పాత గ్రంథాల్లో లేవనీ, దక్షిణాది నుంచి వ్యాపించాయనీ రాసి, తు ఫులింగ్ అనే వేరును మందుగా చెప్పాడు. పాదరసపు మందులు వాడి కీళ్ళు పట్టుకుపోయిన వారికి కూడా దాన్నే చెప్పాడు. తు ఫులింగ్ అంటే నాటు ఫులింగ్. అసలు ఫులింగ్ దేవదారు జాతి చెట్ల వేళ్ళ మీద పెరిగే ఒక శిలీంధ్రం. ఇది దాని బదులు తినే నాటు సరుకు. అంటే పుట్టిన దేశంలో కూడా ఈ వేరు పేరు మరొకదాని నీడలోనే ఉంది.

మూడో సాక్షి మరీ మన ముంబయివాడు. గార్సియా ద ఓర్తా గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు. బొంబాయి ద్వీపం 1554 నుంచి ఆయన కౌలులో ఉండేది. 1563లో గోవాలో అచ్చయిన ఆయన సంభాషణల గ్రంథంలో చీనా వేరు మీద ఒక అధ్యాయమే ఉంది. అప్పటికే ఐరోపాలో వెసాలియస్ 1546లో ఈ వేరు మీద ఒక లేఖ అచ్చు వేయించాడు. చీనా రేవుల నుంచి ఓడల్లో గోవాకూ, అక్కడి నుంచి తూర్పు పడమరలకూ ఈ వేరు ప్రయాణం చేసింది. తెలుగువారికి అది పరంగివాడి సరుకుగా చేరింది కాబట్టి పరంగి చెక్క అయింది. తెచ్చినవాడు రోగమూ తెచ్చాడు, మందూ తెచ్చాడు. తెలుగు రెండింటికీ ఒకే ముద్ర వేసింది.

ఈ వేరు ఆ రోగాన్ని నిజంగా నయం చేసేదా అంటే, చేసేదని చెప్పడానికి ఆధారం లేదు. రోగం తనంతట తాను కొన్నాళ్ళు అణగి ఉండే స్వభావం కలది కాబట్టి మందు పనిచేసిందని భ్రమ కలిగేది. రసకర్పూరం వంటి పాదరసపు మందులతో పోలిస్తే వేరు హాని తక్కువ చేసింది, అది దాని పెద్ద గుణం. 1910లో సాల్వర్సాన్, 1940లలో పెన్సిలిన్ వచ్చాకే ఈ వ్యాధి నిజంగా లొంగింది. ఈ మధ్యలో నడిచిన చరిత్ర కామాఠిపురాకు చేదుది. 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద వృత్తి స్త్రీల పేర్లు నమోదు చేసి బలవంతపు వైద్యపరీక్షలకు లాక్కుపోయేవారు. చట్టం 1888లో రద్దయింది. వ్యాధికి పరాయివాడి పేరు పెట్టే అలవాటూ, వ్యాధి పేరుతో ఒక పేటకు ముద్ర వేసే అలవాటూ ఒకే మనస్తత్వం నుంచి పుట్టాయి.

పేరు తప్పితే

పేర్ల చరిత్ర పండితుల వినోదం కదా అని కొందరు అనవచ్చు. పేరు తప్పితే ఏమవుతుందో చెప్పే సంఘటన 1990ల మొదట్లో బెల్జియంలో జరిగింది. బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చే గుళికల్లో చీనా మూలిక ఒకటి చేర్చారు. దాని పేరు ఫాంగ్ జీ. ఆ పేరుతో బజారులో రెండు వేర్లు ఉన్నాయి. ఒకటి తిప్పతీగ కుటుంబానికి చెందిన స్టెఫానియా, దీన్ని హాన్ ఫాంగ్ జీ అంటారు. రెండోది గ్వాంగ్ ఫాంగ్ జీ. అది అరిస్టొలోకియా. మొదటిదాని బదులు రెండోది వచ్చి చేరింది. మూత్రపిండాలు పాడైన స్త్రీలను బ్రస్సెల్స్ వైద్యులు గుర్తించి 1993లో ప్రకటించారు. చివరకు ఇటువంటి వారి సంఖ్య నూరు దాటింది. కొందరికి తరువాత మూత్రమార్గంలో కేన్సర్ వచ్చింది. ‘హాన్’, ‘గ్వాంగ్’ అనే విశేషణాలు రాలిపోయి విశేష్యం ఒక్కటే మిగలడం అనే భాషాసంఘటన ఇన్ని ప్రాణాల మీదికి తెచ్చింది. మన పల్లెల్లో ఈశ్వరి అనీ, గాడిదగడపాకు అనీ పిలిచే మొక్కలు కూడా ఈ అరిస్టొలోకియా ప్రజాతివే అని ఇక్కడ గుర్తు చేయడం అవసరం.

ఇంటికి దగ్గరి ఉదాహరణ కర్పూరం. సంస్కృత గ్రంథాలు పక్వకర్పూరం, అపక్వకర్పూరం అని విడదీసి చెప్పాయి. భావప్రకాశం చీనాకర్పూరాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. తెలుగులో ఈ తేడా ఇంకా బతికి ఉంది. గుడి తీర్థంలో వేసేది పచ్చకర్పూరం, పళ్ళెంలో వెలిగించేది హారతి కర్పూరం. మొదటిది సంప్రదాయంగా బోర్నియో, సుమత్రాల చెట్టు నుంచి వచ్చేది. రెండోది చీనా, జపాన్ ప్రాంతపు చెట్టుది. ఇప్పుడు బజారులో దొరికే కర్పూరం చాలావరకు టర్పెంటైన్ నూనె నుంచి తయారైనదే. ముంబయిలో పుట్టిన పిల్లవాడిని పచ్చకర్పూరం తెమ్మంటే, ఆ పేరు దుకాణదారుకు తెలియక, ఉత్త ‘కాపూర్’ అని అడిగి హారతి కర్పూరం తెస్తాడు. మరాఠీలో అడగవలసిన మాట ‘భీమసేనీ కాపూర్’. హారతి కర్పూరం చిన్నపిల్లల కడుపులోకి పోతే మూర్ఛలు వస్తాయి. తల్లి భాషలోని ఒక విశేషణం బజారు భాషలోకి మారనందువల్ల వచ్చే ప్రమాదం ఇది.

నేలవేము మరో ఉదాహరణ. సంస్కృత యోగాల్లో కనిపించే కిరాతతిక్తం హిమాలయాల మొక్క. దక్షిణాదిలో దాని స్థానంలో నేలవేము వాడడం మామూలు. మరాఠీలో నేలవేము పేరు కూడా కిరాయితే, కాకపోతే ‘ఓలే కిరాయిత్’. రెండూ చేదే, రెండూ జ్వరానికే చెబుతారు, కాని మొక్కలు వేరు, కుటుంబాలు వేరు. ఇదే నేలవేమును చీనాలో చువాన్‌శిన్‌ల్యెన్ అంటారు. గుండెలోంచి దూసుకుపోయే తామర అని అర్థం. అది వారి ప్రాచీన సంకలనాల్లో లేదు. 20వ శతాబ్దిలో దక్షిణ చీనా వాడుక నుంచి వారి వైద్యంలో స్థిరపడింది. కాబట్టి చీనా దుకాణంలో కనిపించిన ప్రతిదీ ప్రాచీనమని అనుకోకూడదు.

ఈ చిక్కు మన పూర్వులకు తెలుసు. కోటూరు బసవరాజు రచించిన ‘బసవరాజీయం’ 25 ప్రకరణాల వైద్యగ్రంథం. సంస్కృత శ్లోకాలతో పాటు అందులో తెలుగు కలిసి ఉంటుంది. శ్లోకం పండితుడి కోసం, తెలుగు మాట మూలిక తవ్వి తెచ్చేవాడి కోసం. ఈ గ్రంథమే 1930లో గోవర్ధనశర్మ ఛాంగాణి సంపాదకత్వంలో నాగపూరులో నాగరి లిపిలో వెలువడింది. తెలుగు వైద్యం మరాఠీ నేల మీద అచ్చయిన ఆ పుస్తకం ముంబయి తెలుగు విద్యార్థులు చదవదగినది.

తూకం తప్పితే

పేరు సరిపోయినా తూకం మిగులుతుంది. గ్వెయ్‌జి తాంగ్‌లోని 3 ల్యాంగ్‌లు ఎంత? జాంగ్ జోంగ్‌జింగ్ నాటి ల్యాంగ్ సుమారు 15 గ్రాములని తవ్వకాల్లో దొరికిన తూనికరాళ్ళ వల్ల లెక్కకట్టారు. అంటే దాదాపు 45 గ్రాములు. లీ షిజెన్ మాత్రం పూర్వపు ల్యాంగ్‌ను తన నాటి ఛ్యెన్‌గా, అంటే ల్యాంగ్‌లో పదో వంతుగా, తీసుకోమన్నాడు. ఆయన నాటికి ల్యాంగే పెద్దదైంది కాబట్టి తేడా పది రెట్లు లేదు గాని, నాలుగైదు రెట్లు ఉంది. ఇప్పటి చీనా వైద్యులు సాధారణంగా వేసేది 9 గ్రాములు. అదే యోగం, అదే పేరు, మోతాదు ఐదో వంతు. ఏది సరి అన్న వాదం వారిలో ఇప్పటికీ తెగలేదు.

మన పలం కథ కూడా ఇటువంటిదే. శాస్త్రంలో పలం అంటే నాలుగు కర్షలు. కర్షను వైద్యులు తులంగా తీసుకున్నారు. మద్రాసు తూకంలో పలం మూడు తులాలే. మద్రాసు శేరు 24 తులాలు, రైల్వేల్లో చెల్లిన ప్రభుత్వ శేరు 80 తులాలు. తులం 11.66 గ్రాములు కాగా, నేడు బంగారం దుకాణంలో తులమంటే 10 గ్రాములు. పాత వైద్యుడి చేతిరాత చీటీ దొరికినప్పుడు అందులోని తూకం ఏ ఊరిదో, ఏ కాలానిదో తేల్చకుండా గ్రాముల్లోకి మార్చడం ప్రమాదకరం. చాళ్ళలోని కుటుంబాల్లో తెలంగాణ తూకమూ బొంబాయి తూకమూ రెండూ చెల్లాయి కాబట్టి ఈ జాగ్రత్త మరింత అవసరం.

డబ్బాలోకి దిగిన యోగం

19వ శతాబ్ది చివరకు యోగం వైద్యుడి చేతిలోంచి డబ్బాలోకి వచ్చింది. ఆ మార్పు తెచ్చిన తెలుగువాడు బొంబాయిలోనే పని చేశాడు. కాశీనాథుని నాగేశ్వరరావు (1867–1938) 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించారు. ఆ ఆదాయమే 1908లో బొంబాయి నుంచి వెలువడిన ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికకు పునాది. 1914లో పత్రిక మద్రాసుకు మారి దినపత్రిక అయింది. కర్పూరం, పుదీనా పువ్వు, వింటర్‌గ్రీన్ నూనె, యూకలిప్టస్ నూనె వంటి ఘాటైన ద్రవ్యాల కలయిక ఈ లేపనం.

అదే కాలంలో బంగాళాఖాతం ఆవలి రంగూనులో ఆ చూ కిన్ అనే చీనా వైద్యుడు మందుల దుకాణం నడుపుతున్నాడు. ఆయన కొడుకులు బూన్ హా, బూన్ పార్ తండ్రి లేపనాన్ని టైగర్ బామ్‌గా ప్రపంచమంతటా అమ్మారు. 1926లో సింగపూరుకు తరలారు. అందులోనూ కర్పూరం, పుదీనా పువ్వు ముఖ్యం. అప్పటి రంగూను రేవు కూలీల్లో కోరంగీలనే తెలుగువారు వేల సంఖ్యలో ఉండేవారు. రెండు రేవు నగరాల్లో, కూలీల ఒళ్ళునొప్పుల మధ్య, ఒకే తరహా లేపనాలు రెండు పుట్టాయి. ఒకదాన్ని చూసి ఒకటి చేశారనడానికి ఆధారం లేదు. ఒకే సముద్రవ్యాపారం రెండింటికీ సరుకు అందించింది. డబ్బా వచ్చాక లాభమూ ఉంది, నష్టమూ ఉంది. రోగికి మందు ఎప్పుడూ ఒకే తీరుగా దొరికింది. అందులో ఏ ద్రవ్యం రాజు, ఏది దూత అన్న ప్రశ్న మాత్రం ఇంటివారికి లేకుండా పోయింది.

పాత గ్రంథం చదివితే ఏమి దొరికింది

ప్రాచీన యోగాలను ఇంత శ్రమపడి చదవడం వల్ల ఫలం ఉందా? దీనికి తు యోయో జవాబు. మలేరియా మందు కోసం చీనా ప్రభుత్వం 1967లో మొదలుపెట్టిన పరిశోధనలో ఆమె పాత యోగాలను వందల కొద్దీ జల్లెడ పట్టారు. చింగ్‌హావ్ అనే మొక్క కషాయం ప్రయోగశాలలో నిలకడగా పనిచేయలేదు. 4వ శతాబ్దికి చెందిన గె హోంగ్ చేతిపుస్తకంలో మాత్రం ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడి తగిలితే గుణం పోతోందేమోనని ఆమెకు తోచింది. 1971లో తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్‌కు దారి, 2015 నోబెల్ బహుమతికి కారణం. మన దవనమూ, వినాయక చవితి పత్రిలోని మాచిపత్రీ ఈ మొక్కకు బంధువులు. ఒక్క క్రియాపదాన్ని జాగ్రత్తగా చదవడం వల్ల కలిగిన ఫలం ఇది. గ్రంథం దారి చూపింది. ప్రయోగశాల దాన్ని పరీక్షించింది. రెండోది లేకుండా మొదటిదాన్ని నమ్మితే పాదరసం మింగిన రోజులకే తిరిగి వెళతాం.

మన విద్యార్థులు చేయదగిన పని

ముంబయిలో, షోలాపూరులో, భివండీలో, సూరత్‌లో చదువుకునే తెలుగు పిల్లలకు తమ తెలుగు ‘శుద్ధమైనది’ కాదన్న బెంగ ఉంటుంది. ఈ పనికి కావలసినది సరిగ్గా ఆ కలగలుపు తెలుగే. నానమ్మ వావిలాకు అంటుంది, దుకాణదారు నిగడీ అంటాడు, పుస్తకం నిర్గుండి అంటుంది. నానమ్మకు ఉత్తరేణి, బజారులో ఆఘాడా, గ్రంథంలో అపామార్గం. నానమ్మకు వస, మరాఠీలో వేఖండ్. మూడు పేర్లూ ఒకే నోట పలకగలిగిన తరం మీదే చివరిది కావచ్చు. కోస్తాలోనో తెలంగాణలోనో ఉన్న విద్యార్థికి ఈ మూడింటిలో ఒకటి ఎప్పుడూ పుస్తకం మాటగానే ఉండిపోతుంది.

చేయవలసినది చిన్న పని. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ప్రతి మూలిక పేరునూ వారు పలికినట్టే రాసుకోండి. వారి కుటుంబం ఏ జిల్లా నుంచి వచ్చిందో పక్కన రాయండి. మరాఠీ పేరు, గుజరాతీ పేరు విడిగా రాయండి. పేరు ముందున్న విశేషణాన్ని, పచ్చ అనో నల్ల అనో నేల అనో ఉన్నదాన్ని, ఎన్నడూ వదలకండి. ఏ భాగం వాడతారు, కాస్తారా నానబెడతారా, దేనితో కొలుస్తారు, ఏమి పథ్యం చెబుతారు అన్నవి అడగండి. వీలైతే మొక్క నమూనాను వృక్షశాస్త్రం చదివిన వారికి చూపించి నిర్ధారించుకోండి. రాసుకున్నది మందుగా వాడడానికి కాదు. మందు సంగతి వైద్యులు చూసుకుంటారు.

1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మె తరువాత చాలా కుటుంబాలు చాళ్ళు విడిచిపోయాయి. ఇప్పుడు బీడీడీ చాళ్ళు ఒకటొకటిగా కూలి బహుళ అంతస్తుల భవనాలవుతున్నాయి. కామాఠిపురా పునర్నిర్మాణానికి కూడా ప్రణాళికలు సిద్ధమయ్యాయి. మెరుగైన ఇల్లు రావడం మంచిదే, ఎవరూ వద్దనరు. కాని ఒకే వరండాలో కరీంనగర్ నానమ్మా, పాలమూరు అత్తమ్మా, రత్నగిరి మావ్‌శీ కూర్చుని ఒకే ఆకుకు మూడు పేర్లు చెప్పి వాదించుకునే ఏర్పాటు ఆ భవనాల్లో ఉండదు. సుఖ్‌లాజీ వీధిలో చీనావారు తమ వేర్లను ఏ పేరుతో అడిగి కొనుక్కున్నారో అప్పట్లో ఎవరైనా రాసి పెట్టుకొని ఉంటే ఎంత విలువైన పత్రం అయ్యేదో ఊహించవచ్చు. మన వరండాల పేర్లకైనా ఆ గతి పట్టకుండా చూసుకోవాలి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం వెంట తీసుకువెళ్ళండి.